డాక్టర్ సలహా: మాటలు వచ్చిన టీచర్‌కి స్పీచ్ థెరపీ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 37. దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో సర్కారు ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. ఇద్దరమే టీచర్లం, అయిదు తరగతులు. జులై నుంచి గొంతు బొంగురు పోయింది. పొద్దున ఫర్వాలేదు, సాయంత్రానికి మాటలో సగం గాలే వస్తుంది. దసరా సెలవుల్లో కాస్త నయమైందనుకుంటే, సద్దుల బతుకమ్మ నాడు పాటలు చెప్పి మళ్లీ పోగొట్టుకున్నాను. నల్గొండలో ఈఎన్‌టీ డాక్టర్ కెమెరా పెట్టి చూసి ‘వోకల్ నాడ్యూల్స్’ అన్నారు, స్పీచ్ థెరపీకి వెళ్లమన్నారు. అది మాటలు రాని పిల్లలకు కదా? ఇంట్లోవాళ్లు ఆపరేషన్ చేయించుకుంటే పోతుందంటున్నారు. క్యాన్సరేమోనని టెన్షన్‌గా ఉంది. మా నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చిందా? ప్రస్తుతం కరక్కాయ బుగ్గన పెట్టుకుంటున్నాను. ఇంకో సంగతి. మా అక్క కొడుక్కి నాలుగేళ్లు, మూడు నెలలుగా నత్తి వస్తోంది. వస రుద్దమని ఒకరు, నాలుక కింద నరం కోయించమని ఒకరు చెబుతున్నారు. ఏం చేయాలి?
– ఒక టీచర్, నల్గొండ జిల్లా

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి. నాడ్యూల్స్ క్యాన్సర్ కావు, ముదిరి క్యాన్సర్‌గా మారేవీ కావు. కెమెరాతో చూసి చెప్పారు కాబట్టి నిశ్చింతగా ఉండండి. మీరు రాసినదాంట్లోనే సగం జబ్బు బయటపడింది. పొద్దున బాగుండి సాయంత్రానికి పోవడం, సెలవుల్లో తేరుకోవడం, బతుకమ్మ పాటలు చెప్పగానే మళ్లీ మొదటికి రావడం... ఇదంతా వాడకంతో దెబ్బతిన్న గొంతు తీరు. క్యాన్సర్ పట్టిన గొంతుకు దసరా సెలవులు తెలియవు, అది వారం వారం కిందికే పోతుంది.

పలుగు, పార పట్టిన అరచేతికి కాయలు కాస్తాయి కదా, ఇవీ అలాంటివే. ఆడవాళ్లు మామూలుగా మాట్లాడేటప్పుడు గొంతులో స్వరం పుట్టించే రెండు మడతలు, అంటే స్వరతంత్రులు, సెకనుకు సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. అంటే నికరంగా గంటసేపు స్వరం పలికితే ఏడు లక్షల పైచిలుకు తాకిళ్లు. అయిదు తరగతుల పిల్లల గోల మీదుగా అరిచి చెప్పే పాఠంలో ఆ తాకిడి బలం కూడా పెరుగుతుంది. అది ఎక్కువగా పడేచోట, రెండు వైపులా ఎదురెదురుగా కాయలు కాస్తాయి. అవి అడ్డుపడి తంత్రులు పూర్తిగా మూసుకోవు. ఆ సందులోంచి పోయేదే మీరు రాసిన ‘సగం గాలి’.

ఇక ఆపరేషన్. అరచేతి కాయను బ్లేడుతో చెక్కేసి, మర్నాడు అదే పలుగును అదే పట్టున పట్టుకుంటే ఏమవుతుంది? గొంతులోనూ అంతే, మళ్లీ కాస్తాయి. పైగా స్వరతంత్రి మీద మచ్చ కడితే ఆ బిరుసు ఒక పట్టాన పోదు. రెండు మూడు నెలలు థెరపీ సరిగ్గా చేశాక కూడా తగ్గకపోతేనో, అవి నాడ్యూల్స్ కాకుండా పాలిప్ (పిలక లాంటి కండ) లేదా సిస్ట్ (నీటితిత్తి) అని తేలితేనో ఆపరేషన్ మాట ఎత్తుతాం. ఆ తర్వాతైనా థెరపీ తప్పదు.

బోర్డు మీద స్పీచ్ థెరపిస్ట్ అని ఉండటంతో చాలామంది మీలాగే అనుకుంటారు. మాట వేరు, గొంతు వేరు. నత్తి, పక్షవాతం తర్వాత మాట ముద్దగా రావడం, పిల్లలకు మాటలు ఆలస్యం కావడం మాటకు సంబంధించినవి. మీ సమస్య గొంతుది. రెండూ చూసేది ఒకరే. మీకు వాళ్లు నేర్పేది, మెడ నరాలు బిగించకుండా, ఊపిరి ఆసరాతో గొంతు పలికించడం. మామూలుగా వారానికోసారి చొప్పున ఆరు నుంచి ఎనిమిది సార్లు పిలుస్తారు. మధ్యలో రోజూ మీరు ఇంట్లో సాధన చేయాలి. చేయకపోతే బస్సు చార్జీలు దండగ, ముందే చెబుతున్నాను.

ఒకటి ఈరోజే మొదలుపెట్టొచ్చు. గ్లాసులో సగం నీళ్లు పోసి, కూల్‌డ్రింక్ స్ట్రా రెండు సెంటీమీటర్లు మునిగేలా పెట్టి, బుడగలు వస్తుండగా సన్నగా ‘ఊ’ అనండి. బుగ్గలు, మెడ వదులుగా ఉండాలి. రెండు మూడు నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. నీళ్ల ఒత్తిడి కొంచెం వెనక్కి తన్నడంతో స్వరతంత్రులు గట్టిగా కొట్టుకోకుండా మెత్తగా తగులుతాయి. పిల్లలు చూస్తే నవ్వుతారు, ఇంట్లోనే చేసుకోండి.

గొంతుకు రెస్ట్ ఇద్దామని గుసగుసలాడకండి. చాలామందికి అప్పుడు గొంతు ఇంకా బిగుసుకుంటుంది. మాట్లాడితే మెల్లగా మామూలు గొంతుతో, లేదంటే మౌనంగా. పాఠానికి ముందు ‘ఖం ఖం’ అని గొంతు సవరించుకునే అలవాటుంటే దాని బదులు ఒక గుక్క నీళ్లు తాగండి. నడుముకు కట్టుకునే చిన్న మైకు సెట్ ఒకటి కొనుక్కోండి. తోటి టీచర్లు ఆటపట్టించినా సరే, టీచర్ గొంతుకు అంతకంటే మంచి మందు నాకు తెలియదు. మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లల్ని అరిచి కూర్చోబెట్టే పని చప్పట్లకో, గంటకో అప్పగించండి.

కరక్కాయ తప్పేం లేదు. ఉమ్మి ఊరి హాయిగా ఉంటుంది. కానీ మింగేది ఏదైనా స్వరతంత్రులను తాకకుండా వెనకాల అన్నవాహికలోకి పోతుంది, తాకితే పొలమారుతుంది. కాయలు దానితో కరగవు.

మన జిల్లాలో ఏం వచ్చినా మొదటి అనుమానం ఫ్లోరైడ్ మీదికే పోతుంది. మర్రిగూడ వైపు మనుషుల్ని చూసినవాళ్లకు ఆ భయం ఊరికే రాలేదు. కానీ అది పట్టేది పళ్లను, ఎముకలను. గొంతులో కాయలకు అది కారణం కాదు. అయితే ఆ భయంతోనో, బడిలో టాయిలెట్ సరిగా లేకనో మీరు పొద్దంతా నీళ్లు తాగకుండా ఉంటున్నారా? నా దగ్గరికి వచ్చే లేడీ టీచర్లలో ఇది మామూలే. ఆరిన గొంతుకు దెబ్బ తొందరగా తగులుతుంది. ఇంటి నుంచి బాటిల్ తీసుకెళ్లి తాగుతూ ఉండండి.

థైరాయిడ్, ఎసిడిటీ కూడా గొంతును బొంగురు చేయగలవు. నీరసం, బరువు పెరగడం ఉంటే థైరాయిడ్ పరీక్ష, ఛాతీలో మంట ఉంటే ఎసిడిటీకి మందు అవసరం. మీ డాక్టర్‌నే అడగండి.

మీ ఇంట్లో బీడీ, సిగరెట్ తాగే మగవాళ్లుంటే వాళ్ల గురించి ఒక మాట. మూడు వారాలు దాటి గొంతు బొంగురుగా ఉన్నా, మింగడం కష్టమైనా, మెడలో గడ్డ తగిలినా, ఉమ్మిలో రక్తం పడినా వెంటనే కెమెరాతో చూపించాలి. ముందే పట్టుకుంటే గొంతు క్యాన్సర్ చాలావరకు నయమవుతుంది.

థెరపీ కోసం నల్గొండ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఈఎన్‌టీ ఓపీలో ముందు అడగండి. లేదంటే హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మాట, వినికిడి సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. ప్రతివారం అంత దూరం కష్టమైతే, ఒకసారి నేరుగా చూపించుకున్నాక మిగతావి వీడియో కాల్‌లో కుదురుతాయేమో అడగండి.

బాబు విషయానికొస్తే, వస వద్దు. దానితో నత్తి పోదు, వాంతులు పట్టుకునే ప్రమాదం ఉంది. నాలుక కింద నరానికీ నత్తికీ సంబంధం లేదు, కోయించకండి. రెండు నుంచి అయిదేళ్ల మధ్య మొదలైన నత్తి చాలామంది పిల్లల్లో దానంతటదే పోతుంది. ‘నిదానంగా చెప్పు’, ‘మళ్లీ అను’ అని వాణ్ని ఆపొద్దు, మాటను మీరు పూర్తి చేయొద్దు. వాడు చెప్పేదాకా ముఖంలోకి చూస్తూ వినండి, మీరే కాస్త నెమ్మదిగా మాట్లాడండి. మాట రాక కళ్లు గట్టిగా మూసుకోవడం, మెడ బిగించడం, మాట్లాడటమే మానేయడం కనిపించినా, ఇంట్లో పెద్దవాళ్లకు నత్తి ఉన్నా ఇప్పుడే థెరపిస్ట్‌కు చూపించండి. అవేవీ లేకపోతే ఇంకో మూడు నెలలు చూడొచ్చు, అప్పటికీ తగ్గకపోతే తీసుకెళ్లాలి. ఈలోగా అంగన్‌వాడీకి పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం (ఆర్‌బీఎస్‌కే) డాక్టర్లు వస్తే వాళ్ల చెవిన వేయమని మీ అక్కకు చెప్పండి.