చర్చి మైకు మీద పక్కింటివాళ్ళు కంప్లైంట్ ఇస్తే అది హింస కిందికి వస్తుందా?

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చిందండి, ఎగతాళికి కాదు, ఇదే మాట కొన్నేళ్ళ కిందట మా సంఘ పెద్దల మీటింగ్‌లో నేనే గట్టిగా వాదించాను. శ్రమకాలం (ఈస్టర్ ముందు ఉపవాస దినాలు) ఉదయ ప్రార్థనల మైకు మీద పక్కింటివాళ్ళు స్టేషన్‌కి వెళ్ళారు, ఎస్సై వచ్చి ఆపించాడు, ఇది మన విశ్వాసం మీద దాడి కాదా, వాక్యం ప్రకారం తగ్గాలా నిలబడాలా అని కదా మీరు అడిగింది. తగ్గాలి అనే అంటాను. నేను పాస్టర్ని కాదు, మా చర్చిలో ఆంప్లిఫయర్ దగ్గర కూర్చునేవాణ్ణి అంతే, కాబట్టి అక్కడ జరిగిందే చెప్తాను.

మాది తెనాలి దగ్గర ఊరు. మందిరం డాబా మీద రెండు హార్న్‌లు ఉండేవి, ఒకటి మెయిన్ రోడ్డు వైపు, ఒకటి వెనక వీధి వైపు. శ్రమకాలం 40 రోజులూ తెల్లవారుజామున 4:30కి నేనే వెళ్ళి పాట పెట్టేవాణ్ణి, విశ్వాసులు లేచి ప్రార్థనకి రావాలని. వచ్చేది పాతిక మంది, లేచేది మాత్రం ఊరంతా. అప్పట్లో అది నాకు తప్పుగా అనిపించలేదు సరికదా, సువార్త సేవ అనుకునేవాణ్ణి.

వెనక వీధిలో మొదటి ఇల్లు ఒక ఆర్టీసీ డ్రైవర్ బాబాయ్‌ది, వాళ్ళు హిందువులు. ఒకసారి పిన్నిగారికి ఆపరేషన్ అయితే మా పాస్టర్ గారూ నేనూ చూడ్డానికి వెళ్ళాం, ప్రార్థన చేస్తామంటే చెయ్యండి బాబూ అన్నారు. అయ్యాక కాఫీ ఇస్తూ బాబాయ్ నవ్వుతూ అన్నాడు, "మీ పాటలు మీకంటే నాకే బాగా వచ్చురా అబ్బాయ్, పల్లవి చరణం అన్నీ కంఠతా." నేను పొంగిపోయి, వింటుంటారా బాబాయ్ అన్నాను. "వినక చస్తానా, హైదరాబాద్ నైట్ సర్వీస్ దిగి ఇంటికొచ్చేసరికి నాలుగవుద్ది, కన్నంటుకునే టైముకి నువ్వు మొదలెడతావు, మళ్ళీ రాత్రికి నలభై మందిని వెనకేసుకుని స్టీరింగ్ పట్టుకోవాలి" అన్నాడు. కోపంగా అనలేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది, పాస్టర్ గారు కూడా దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను అని ఎన్నిసార్లు చదివుంటాం, ఆ పొరుగువాడు మా హార్న్‌కి ఇరవై అడుగుల దూరంలో పడుకుంటున్నాడని మాకు తట్టలేదు.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక మీటింగ్ పెడితే పెద్ద గొడవే అయింది. నేనైతే బాబాయ్ ఇంట్లో అంత విని కూడా, ఒకసారి దించితే ఇక జన్మలో ఎక్కించనివ్వరు, ఇలాగే ఒక్కొక్కటీ ఆపిస్తారు, ఇదే హింస అంటే అన్నాను. ఒక పెద్దాయన యెషయా 58 తీసి "తాళక బూర ఊదినట్లు ఎలుగెత్తి బిగ్గరగా కేకలువేయుము" అని చదివేశాడు, ఇంకేముంది అందరూ ఆమెన్. పాస్టర్ గారు అదే పేజీలో కింద నాలుగో వచనం చదవమన్నారు. అక్కడ కలహపడుతూ ఉపవాసం ఉండేవాళ్ళ గొంతు పైకి వినబడదు అని ఉంటుంది, అంటే హార్న్ డాబా మీద ఎంత ఎత్తున కట్టినా లాభం లేదన్నమాట. ఆ మీద సామెతలు 27:14 చదివించారు, వేకువనే లేచి గొప్ప శబ్దంతో స్నేహితుణ్ణి దీవిస్తే ఆ దీవెన వాడికి శాపంగా ఎంచబడుతుందట. ఈ వచనం బైబిల్లో ఉందని ఆ రోజు దాకా నాకు తెలీదు, వెనక కూర్చున్న ఆడవాళ్ళు పకపకా నవ్వేశారు, సగం గొడవ అక్కడే చల్లారిపోయింది.

ఇక చట్టం సంగతి. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు, మిగతా టైములో కూడా రాతపూర్వక పర్మిషన్ ఉండాలి, ఇళ్ళుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 పరిమితి. అంటే మా 4:30 పాట ఎలా చూసినా తప్పే. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు చెన్నైలోని ఒక చర్చి కేసులోనే తీర్పిచ్చింది, ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పదని. అధికారులకు లోబడి ఉండమనే రోమా 13 మనం ఎలక్షన్లప్పుడు చదువుతాం గానీ మైకు దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాం.

మీరు కామెంట్లో అడిగారు చూడండి, మరి గుడి మైకు, మసీదు మైకు ఎవరూ అడగరేం అని. రూలు అందరికీ ఒకటే, దాన్ని అందరి మీదా ఒకేలా నడపకపోతే అడగండి, అది మీ హక్కు. కానీ మన హార్న్ దింపడానికి వాళ్ళది దిగేదాకా ఆగాలా? పేతురు కూడా ఇలాగే యోహాను వైపు చూపించి మరి ఇతని సంగతేంటి ప్రభువా అంటే, "అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము" అన్నాడు యేసు. నాకైతే ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది.

ఇంకోటి, ప్రతి కంప్లైంటూ మంచి మనసుతో ఇచ్చేది కాదు, ఆ మాటా ఒప్పుకుంటాను. సౌండ్ బయటికి రాకపోయినా, తలుపులేసుకుని ఇంట్లో నలుగురు కూర్చున్నా వచ్చి ఆపెయ్యమనేవాళ్ళుంటారు, అది వేరే సంగతి. అక్కడ తల వంచుకుని ఊరుకోమని నేను చెప్పను, పౌలు కొరడా దెబ్బల ముందు నేను రోమా పౌరుణ్ణి అని అడిగాడు, రోమా చక్రవర్తి కైసరు దగ్గరే చెప్పుకుంటానన్నాడు. మనకి రాజ్యాంగంలో మతస్వేచ్ఛ ఇచ్చే ఆర్టికల్ 25 ఉంది, లాయర్‌ని పట్టుకోండి. కాకపోతే ముందు మన వైపు సౌండ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోకుండా హింస అనే పెద్ద మాట వాడేస్తే, నిజంగా దెబ్బలు తిన్నవాళ్ళ మాటకి విలువ పోతుంది.

మేం చేసిందేంటంటే హార్న్‌లు రెండూ దింపేసి లోపల రెండు బాక్సులు పెట్టాం, ఉదయ ప్రార్థనకి అసలు మైకే లేదు, లేపాల్సినవాళ్ళకి వాట్సాప్ గ్రూప్‌లో కాల్ చేస్తాం. పాతిక మందీ అలాగే వస్తున్నారు, ఇద్దరు ముగ్గురు తగ్గినా అది మైకు వల్ల కాదు చలి వల్ల. వారం పోయాక బాబాయ్ ఎదురుపడి ఏరా చర్చి గానీ మూసేశారా అన్నాడు, లేదు బాబాయ్ లోపల చేసుకుంటున్నాం అంటే తల ఊపి వెళ్ళిపోయాడు, అంతే.

మీరు మాత్రం ముందు ఆ కంప్లైంట్ ఇచ్చినవాళ్ళింటికి పాస్టర్ గారితో వెళ్ళండి, పదిమందిని వేసుకుని కాదు, ఇద్దరే. గుడ్ ఫ్రైడేకి బయట మైకు కావాలంటే అర్జీ వారం ముందే స్టేషన్‌లో ఇచ్చి కాపీ మీద స్టాంపు వేయించుకోండి, ఆఖరి రోజు వెళ్తే ఎస్సై గారు బందోబస్తులో ఉంటారు, సంతకం దొరకదు.