యూజర్లు పెరిగారు సరే, ఫోన్ చేసిందెవరో చూడు బిడ్డా

బిడ్డా,

మన దర్రీల (నేసిన తివాచీల) సైట్‌కి ఎవరొస్తున్నారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ స్క్రీన్‌షాట్ నువ్వు పంపావు, చూశాను. యూజర్లు ఒక్కసారిగా పెరిగారని సంతోషం, ఆర్డర్లు మాత్రం అట్లనే ఉన్నాయని టెన్షన్, రెండూ ఒకే మెసేజ్‌లో పెట్టావు. హనుమకొండలో ఇన్నేళ్లుగా దుకాణాల సైట్లు చూసుకుంటున్నవాడిగా చెప్తున్నా, పైన కనిపించే ఆ పెద్ద అంకెను కొన్నాళ్లు పక్కన పెట్టు. అది మనుషుల లెక్క కూడా కాదు. ఒకే ఆమె పొద్దున ఫోన్‌లో, రాత్రి ల్యాప్‌టాప్‌లో మన దర్రీలు చూస్తే మామూలుగా ఇద్దరి కింద పడుతుంది.

ముందు జనం ఏ పేజీలో దిగుతున్నారో చూడు. రిపోర్టుల్లో ల్యాండింగ్ పేజీ అని ఉంటుంది. నా అంచనా ప్రకారం నువ్వు జీఐ ట్యాగ్ (ఒక ఊరి సరుకుకిచ్చే భౌగోళిక గుర్తింపు) గురించి రాసిన పేజీయే పైన ఉంటుంది. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ వచ్చింది కదా, గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఆ సంవత్సరం కోసమే వెతుకుతారు, ఒక పేరా చదువుకుని వెళ్లిపోతారు. రానీ, మంచిదే. కానీ వాళ్లను కొనేవాళ్లతో కలిపి లెక్కేసుకుని వరంగల్ కొత్తవాడలో నేతవాళ్ల మగ్గాల మీద ఎక్కువ సరుకు చెప్పేశావనుకో, అది అమ్ముడుపోకపోతే నేసేవాళ్లకు డబ్బులు ఎక్కడినుంచి ఇస్తావు? అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. గూగుల్ వాళ్లదే సెర్చ్ కన్సోల్ అనే టూల్ కూడా పెట్టుకో, గూగుల్‌లో ఏమని టైప్ చేస్తే మన సైట్ కనిపించిందో, ఎంతమంది నొక్కారో 16 నెలల వరకు చూపిస్తుంది. అందులో సైజులు, ధరలు అడిగినవాళ్లే మనవాళ్లు.

ఎంగేజ్డ్ సెషన్ అనే మాట చూసి కూడా మురిసిపోకు. పది సెకన్లు దాటి ఉన్నా, రెండు పేజీలు తిప్పినా అందులో పడుతుంది.

మనకు కావాల్సింది ఫోన్ బటన్, వాట్సాప్ బటన్ ఎవరు నొక్కారన్నది. ఫోన్ బటన్ నొక్కడాన్ని అనలిటిక్స్ తనంతట తాను లెక్కపెట్టదు, గూగుల్ ట్యాగ్ మేనేజర్ అనే టూల్‌లో దానికో ఈవెంట్ (అంటే నొక్కినప్పుడల్లా లెక్కలో పడే గుర్తు) చేసి, తర్వాత అనలిటిక్స్‌లో దాన్ని కీ ఈవెంట్‌గా, అంటే మనకు ముఖ్యమైనదిగా గుర్తుపెట్టాలి. ఇది ఒక్కటి చేస్తే చాలు, ఏ దారిలో వచ్చినవాళ్లు మనతో మాట్లాడాలనుకున్నారో తెలిసిపోతుంది.

ఆ దారి కూడా సరిగ్గా కనబడాలంటే ఒక పని ఉంది. నువ్వు వాట్సాప్ గ్రూపుల్లో వేసే లింకులు నొక్కి వచ్చినవాళ్లు చాలావరకు డైరెక్ట్ అనే ఖాతాలో, అంటే ఎక్కడినుంచి వచ్చారో తెలియనివాళ్లలో కలిసిపోతారు. గూగుల్ వాళ్ల క్యాంపెయిన్ యూఆర్ఎల్ బిల్డర్ తెరిచి, సోర్స్ దగ్గర వాట్సాప్ అని, క్యాంపెయిన్ దగ్గర బతుకమ్మ అని కొట్టి, అది ఇచ్చిన లింకునే పంపు. ఎప్పుడూ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టు, ఒకసారి పెద్ద అక్షరం, ఒకసారి చిన్న అక్షరం పెడితే రెండు వేర్వేరు వరుసలుగా చూపిస్తుంది, కూడలేక చస్తావు.

సిటీ రిపోర్టులో అంతా హైదరాబాదే ఉందని అడిగావు. ఊరిని ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌కుండే నంబరు) బట్టి అంచనా వేస్తారు బిడ్డా, మొబైల్ డేటా మీద కాజీపేటలో కూర్చున్నవాళ్లు కూడా హైదరాబాద్ అని పడొచ్చు. దాన్ని నమ్మి వరంగల్‌లో ప్రకటనలు ఆపకు. డెలివరీ అడ్రసులు నీ దగ్గరే ఉన్నాయి, ఊళ్ల లెక్క వాటిలో తీయి.

ఇంట్లోవాళ్లు, దుకాణంలో పిల్లలు రోజూ సైట్ తెరిచి చూస్తుంటారు, అదీ లెక్కలో పడుతుంది. మనవాళ్ల రాకపోకల్ని లెక్కలోంచి తీసేసే ఇంటర్నల్ ట్రాఫిక్ ఫిల్టర్‌లో దుకాణం వైఫై ఐపీ ఇవ్వు, ఇచ్చి ఊరుకోకు, అది మొదట టెస్టింగ్‌లోనే ఉంటుంది, యాక్టివ్ చేయాలి. పాత లెక్కల్ని అది సరిచేయదు.

ఇంకొకటి మాత్రం ఈ రోజే చెయ్యి. అనలిటిక్స్ అడ్మిన్‌లో డేటా రిటెన్షన్, అంటే వివరాల్ని దాచి ఉంచే గడువు, మొదట రెండు నెలలే ఉంటుంది, 14 నెలలకు మార్చు. లేదంటే వచ్చే దసరాకి ఎక్స్‌ప్లోరేషన్స్‌లో (మనమే తయారుచేసుకునే రిపోర్టుల్లో) ఈ దసరాతో పోల్చి చూద్దామంటే ఏమీ మిగలదు, పోయినది తిరిగి రాదు.

మీ కాక