మెటర్నిటీ లీవు పెడితే ప్రమోషన్ ఆగుతుందా?

ప్రశ్న: కావలి నుంచి రోజూ రైల్లో వెళ్లి పాఠాలు చెప్పి వచ్చే అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఏ యూనివర్సిటీ అనేది రాయను. పీహెచ్‌డీ ఉంది, సర్వీసు 4 ఏళ్లు దాటింది, ప్రమోషన్‌కి ఫైలు పెట్టాను. మధ్యలో ఆరు నెలలు మెటర్నిటీ లీవులో ఉన్నానని, "ఆ ఏడాది మీ క్లాసులు తక్కువ, ఇంకో ఏడాది ఆగండి మేడమ్" అన్నారు. నాతోపాటు చేరిన సార్లిద్దరికీ వచ్చేసింది. పైగా ఏ ఫంక్షనొచ్చినా స్వాగతాలు, ముగ్గులు, యాంకరింగ్ నాకే. ఊరుకోవాలా, గొడవ పడాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, కావలి

జవాబు: రెండూ వద్దమ్మా, ముందు ఒక కాగితం రాయండి. ఆగమన్నారు సరే, ఎవరైనా రాసిచ్చారా? లేదు కదా, నోటిమాటే.

యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే యూజీసీ 2018 నిబంధనల్లో, ప్రమోషన్ కోసం టీచర్ల పనికి గ్రేడులిచ్చే టేబుల్ కిందే ఉంది, చాలామంది అక్కడిదాకా చదవరు. ముందుగా అనుమతి తీసుకుని పెట్టిన మెటర్నిటీ లీవు, చైల్డ్ కేర్ లీవు లాంటివాటి కాలాన్ని లెక్కలోంచి తీసేసి, మిగిలిన కాలంలో చేసిన పనినే మొత్తానికీ వర్తింపజేయాలి, ఆ సెలవు వల్ల ప్రమోషన్‌లో నష్టం జరగకూడదు అని. అప్పగించిన క్లాసుల్లో 80 శాతం, ఆపైన తీసుకుంటే 'గుడ్'. మీరు ఇంట్లో పసిబిడ్డతో ఉన్న ఆరు నెలల క్లాసుల్ని కూడా కలిపి భాగిస్తే ఎవరికైనా సగమే కనబడుతుంది. తిరిగొచ్చాక వంద క్లాసులకి తొంభై తీసుకున్నారనుకోండి, ఆ తొంభై శాతమే ఏడాది మొత్తానికీ.

ఏడాదే కదా అని ఊరుకోకండి. ఈ ప్రమోషన్ వచ్చాక తర్వాతి మెట్టుకి 5 ఏళ్లు, ఆపైన మూడు, మళ్లీ మూడు. ఇక్కడ పోయిన ఏడాది ప్రొఫెసర్ అయ్యేదాకా వెంట వస్తుంది. 2021-22 ప్రభుత్వ సర్వే ప్రకారం దేశంలోని కాలేజీ, యూనివర్సిటీ టీచర్లలో ఆడవాళ్లు 43 శాతం. చేరేటప్పుడు బాగానే ఉంటాం, ప్రొఫెసర్ల గదుల దగ్గరికొచ్చేసరికే పలచబడతాం.

ముగ్గుల సంగతి. కల్చరల్ పనులు కూడా ఆ టేబుల్లో ఉన్నాయి, ఎగ్జామ్ డ్యూటీ, ఎన్నెస్సెస్ లాగే. మూడు రకాల పనులు చూపిస్తే అందులోనూ 'గుడ్'. కాకపోతే యాంకరింగ్ చేయమని ఎవరూ ఆర్డరివ్వరు! నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు పదేళ్లు గెస్టులకి బొకేలు అందించాను, ఒక్క కాగితం లేదు. మా పక్క గది సారు ఒక్కసారి పరీక్షల్లో కాపీలు పట్టే స్క్వాడ్ డ్యూటీకి వెళ్లొచ్చి సర్టిఫికెట్‌కి లామినేషన్ చేయించుకున్నాడు. కాబట్టి ఈసారి ఫంక్షన్ పని చెబితే ఆర్డర్ కాపీ అడగండి, ముగ్గులకి సార్లని కూడా పిలవండి, నన్ను సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో వేయండి అని నవ్వుతూనే అడగండి. నాలుగు దాటాక మీటింగులు పెడితే సాయంత్రం పినాకిని రైలు దొరకదని కూడా చెప్పండి, తప్పేం లేదు.

అర్జీ మీ డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌ఓడీ) ద్వారా రిజిస్ట్రార్‌కి పెట్టి, టేబుల్ ఉన్న పేజీ జత చేసి, అందినట్టు ఆఫీసు వేసే ఇన్‌వర్డ్ నంబర్ తీసుకోండి. కాదంటే ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా ఇమ్మనండి. అలా అడిగితే చాలాచోట్ల ఫైలు దానంతటదే కదులుతుంది. కదలకపోతే సర్వీసు కేసులు చూసే లాయర్ని కలవండి.

ప్రశ్న: పీహెచ్‌డీలో నాలుగో ఏడాది, నాకిప్పుడు ఐదో నెల. సెలవు పెడితే రిజిస్ట్రేషన్ క్యాన్సిల్ అవుతుందని గైడ్ అంటున్నారు. నిజమేనా?
– రీసెర్చ్ స్కాలర్, ఒంగోలు

జవాబు: కాదు. పీహెచ్‌డీ మొత్తమ్మీద ఒకసారి 240 రోజుల దాకా మెటర్నిటీ లేదా చైల్డ్ కేర్ లీవు ఇవ్వొచ్చని యూజీసీ నిబంధనల్లోనే ఉంది. గడువు మామూలుగా 6 ఏళ్లు. 2022 నిబంధనల కింద చేరినవాళ్లకి రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, ఆడవాళ్లకి ఆపైన ఇంకో రెండేళ్లు, మొత్తం పది దాటకుండా. మీరు ఏ నిబంధనల కింద చేరారో అడ్మిషన్ ఆర్డర్లో చూసుకోండి. గైడుగారితో వాదన వద్దు, ఆ పేజీ ప్రింటు తీసి లీవు లెటర్‌కి పిన్ను కొట్టి చేతికివ్వండి. వాట్సాప్‌లో పంపితే చూడరు.