మోకరిస్తే ఏడుపే వస్తోంది

ప్రశ్న: అమ్మా, మా ఆయనకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. తెల్లారగట్ల బస్సెక్కి ఒంగోలు వెళ్తే ఇంటికొచ్చేసరికి సాయంత్రం. కిందటి ఉపవాస కూటంలో ఒక అక్క, మీ ఇంట్లో ఒప్పుకోని పాపమేదో ఉందంది. ప్రార్థనకు వచ్చిన ఒకాయన డయాలసిస్ మానేసి విశ్వాసంతో నిలబడమన్నాడు. అప్పటినుంచి మోకరిస్తే ప్రార్థన రావడం లేదు. ఏడుపొస్తోంది, దేవుడి మీద కోపమొస్తోంది. నా విశ్వాసం పోయినట్టేనా?
— ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మాయీ, ముందు డయాలసిస్ సంగతి. ఒక్కసారి కూడా మానొద్దు. ముప్పై ఒక్కేళ్లు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసిన దాన్ని, చూసి చెబుతున్నాను. మానేస్తే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. అలా మానేసి, పడుకుంటే ఊపిరాడక కూర్చోబెట్టి తెచ్చిన మనుషుల్ని నా చేతుల్తో పట్టుకున్నాను.

వైద్యం చేయించుకుంటే విశ్వాసం తగ్గిందనే మాట మన ఒంగోలు వైపు పుట్టకూడనిది. 1876-78 కరువులో, అప్పట్లో ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారు ప్రార్థన చేసి ఊరుకోలేదు. బకింగ్‌హాం కాలువలో కొంత దూరం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. కూలి కోసం మతంలో చేరారనిపించుకోకూడదని ఆ పనులు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. మా ముత్తాత అప్పుడు వాళ్లమ్మ వెంట ఆ గట్టు మీద మట్టి మోసిన పిల్లాడట.

ఇక ఆ అక్క అన్న మాట. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులూ అదే అడిగారు, పాపం వీడిదా, కన్నవాళ్లదా అని. ఇద్దరిదీ కాదన్నాడు యేసు ప్రభువు. యోహాను 9వ అధ్యాయం, నువ్వే తెరిచి చూసుకో. బిడ్డల్నీ, ఆస్తినీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచాక, నీ పాపం వల్లే ఇదంతా అని అన్న మాటలకే దేవుడికి కోపమొచ్చింది.

కోపమంటావా, నాకూ వచ్చింది. మావారు పక్షవాతంతో పదకొండు నెలలు మంచాన ఉండి పోయారు. పాస్టరు భార్యను కాబట్టి స్త్రీల కూటంలో ప్రార్థన నడిపేదాన్ని. ఇంటికొచ్చి తలుపేసుకుంటే ఒక్క మాట పెగిలేది కాదు. ఒక రాత్రి ఆయన పక్క మారుస్తూ 88వ కీర్తన చదివాను. అందులో చివరిదాకా ఓదార్పు లేదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. ఆ రాత్రి నేను దేవుణ్ణి నిలదీశాను. చాలా రోజుల తర్వాత నేను చేసిన మొదటి ప్రార్థన అదేనమ్మా. విశ్వాసం పోయినవాళ్లు ఆయనతో పోట్లాడరు. నువ్వు ఇంకా పోట్లాడుతున్నావు.

మా వీధి చివరి ముసలమ్మ ఒకావిడ రోజు విడిచి రోజు వచ్చి దుప్పట్లు ఉతికి ఆరేసి వెళ్లేది. ఒక్క వాక్యం చెప్పలేదు. మీ సంఘంలో అలాంటి మనిషి ఒకరైనా ఉంటారు. వారానికి ఒక్కసారి మీ ఆయనతో ఒంగోలు వెళ్లమని అడుగు. సిగ్గుపడకు, ఆ రోజు నువ్వు పడుకో. ఏలీయా ప్రవక్త అలిసిపోయి చావు కోరుకున్నప్పుడు కూడా దూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు.

ఆదివారం వెనక బెంచీలో కూర్చో. నీకు గొంతు రాకపోతే మిగతావాళ్లు పాడతారు.