ఆయన ఉద్యోగం కోసం ఏ ఊరు వెళ్లాలి?

ప్రశ్న: విశాఖ గాజువాకలో ఉంటున్నాం. ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ చేసి పరవాడలోని ఒక ఫార్మా ప్లాంట్‌లో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే విభాగం)లో నాలుగేళ్ల నాలుగు నెలలుగా పర్మినెంట్‌గా పనిచేస్తున్నాను. మావారికి కొత్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. బెంగళూరు వైట్‌ఫీల్డ్, చెన్నై సిరుసేరి, హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లలో ఏదైనా ఎంచుకోమన్నారు. బెంగళూరులో జీతం నెలకు 18 వేలు ఎక్కువ. అత్తగారు అక్కడికే వెళ్లమంటున్నారు. పాప ఒకటో తరగతి. నేను ఉద్యోగం మానేయాల్సిందేనా?

జవాబు: మానేయకండమ్మా. హెచ్‌పీఎల్‌సీ (మందుల నమూనాలు పరీక్షించే యంత్రం) మీద నాలుగేళ్లు చేయి తిరిగినవారికి ఉద్యోగాలు దొరుకుతాయి. కాకపోతే అన్ని ఊళ్లలో, ఇంటికి అందే దూరంలో దొరకవు. మీ ఇంట్లో ఆయన ఆఫీసు ఎక్కడో చూసి ఊళ్లను పోలుస్తున్నారు. మీ ప్లాంట్ ఎక్కడుంటుందో కూడా అదే మ్యాపు మీద గుర్తు పెట్టండి.

బెంగళూరునే తీసుకుందాం. మీ రంగంలో ఉద్యోగాలు ఎక్కువగా బొమ్మసంద్ర, జిగణి వైపు ఉన్నాయి. ఆయన ఆఫీసు వైట్‌ఫీల్డ్. 2025 ఆగస్టులో బొమ్మసంద్రకు మెట్రో ఎల్లో లైన్ వచ్చింది, నిజమే. కానీ వైట్‌ఫీల్డ్ నుంచి పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ దాకా వెళ్లి, అక్కడ గ్రీన్ లైన్ మారి, ఆర్‌వీ రోడ్డులో మళ్లీ ఎల్లో లైన్ ఎక్కాలి. ఇప్పుడు గాజువాకలో ప్లాంట్ బస్సెక్కి కునుకు తీస్తూ పరవాడలో దిగుతున్నారు కదా, ఆ సుఖం అక్కడ ఉండదు. పైగా ఐదారు నెలల నుంచి పది నెలల అద్దె దాకా అడ్వాన్సు అడిగే ఇళ్లవాళ్లున్నారు. మీరు ఇంట్లో కూర్చోవాల్సి వస్తే ఆ 18 వేలు మీ జీతానికి సాటి రావు.

చెన్నైలో ఒక వెసులుబాటు ఉంది. సిరుసేరి, ఆలత్తూరు ఫార్మా ఎస్టేట్ రెండూ ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) మీదే ఉన్నాయి. ఇద్దరికీ ఒకే దారి. కానీ హైదరాబాద్‌తో పోలిస్తే కంపెనీలు తక్కువ. మొదటి ఉద్యోగం నచ్చకపోతే రెండోదానికి ఎక్కడికి వెళ్తారు? నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే ఊరు మారినవాళ్లు. మూడేళ్ల గ్యాప్ వచ్చాక రెజ్యూమే పట్టుకుని వచ్చి కూర్చుంటే నాకు బాధేస్తుంది.

అందుకే నా ఓటు హైదరాబాద్‌కే. ఫార్మా కంపెనీలున్న పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం అన్నీ ఒకే వైపు ఉన్నాయి. ఒక కంపెనీ కాకపోతే ఇంకొకటి, ఇల్లు మారకుండానే. అయితే ఇల్లు గచ్చిబౌలిలో తీసుకోకండి. చందానగర్, బీహెచ్ఈఎల్, బీరంగూడ వైపు చూడండి. ఆయన అటు వెళ్తారు, మీరు ఇటు వెళ్తారు, పాప స్కూలు మధ్యలో ఉంటుంది.

పాప లోకల్ స్టేటస్ (స్థానికత) గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు. ఇంజినీరింగ్, మెడికల్ సీట్లకు 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివిందన్నది ముఖ్యం. తెలంగాణ ఉద్యోగాలకు మాత్రం 1 నుంచి 7 తరగతుల చదువు చూస్తారు. సీట్ల కోసమైతే ఎక్కడ స్థిరపడాలన్నది 9వ తరగతి లోపు తేల్చుకోండి, చాలు.

ఇక అసలు తొందరపడకూడనిది మీ రాజీనామా. గ్రాట్యుటీకి (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తానికి) ఐదేళ్ల సర్వీసు కావాలి, మీకు ఎనిమిది నెలలే తక్కువ. వీలైతే ఆయన ముందు వెళ్లి ఒక గదిలో ఉండనివ్వండి. మీరు, పాప ఈ విద్యా సంవత్సరం పూర్తి చేసుకుని, ఆ కొన్ని నెలలూ గడిపి వెళ్లండి. పీఎఫ్ డబ్బు తీసేయకండి, కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి. ఐదేళ్లు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. ట్రాన్స్‌ఫర్ చేస్తే పాత సర్వీసు కూడా లెక్కలోకి వస్తుంది. రిలీవింగ్ లెటర్, సర్వీస్ సర్టిఫికెట్ చేతికి వచ్చాకే ప్లాంట్ గేటు దాటండి.

ఇంటికి అడ్వాన్సు ఇచ్చే ముందు ఇద్దరూ ఒకసారి హైదరాబాద్ వెళ్లండి. ఆదివారం కాదు, మంగళవారమో బుధవారమో. పొద్దున్నే బీహెచ్ఈఎల్ చౌరస్తాలో నిలబడి ప్లాంట్ బస్సులు ఎన్నింటికి వస్తున్నాయో, మీ రంగంవాళ్లు ఎక్కడ ఎక్కుతున్నారో అక్కడివాళ్లనే అడగండి. ఆయనను కూడా అదే రోజు సాయంత్రం ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి బయల్దేరి రమ్మనండి.