ముందు మూడేళ్ల పాలసీని చేత్తో లెక్క వేయి

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం, దానితో పంపిన లెక్కల కాగితాలు అందాయి. జీవిత బీమా గణితం సూత్రాలన్నీ నోటికి వచ్చినా ప్రీమియం లెక్క ఒకసారి కుదురుతోంది, ఒకసారి కుదరడం లేదు, పాలసీ విలువ దగ్గరికి వచ్చేసరికి అంతా అయోమయంగా ఉంది అని రాశావు. కాగితాలన్నీ చూశాను. నీ గుణకారాల్లో తప్పేమీ లేదు. ఏ డబ్బు ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది, ఎవరి చేతికి పోతుంది అన్నది రాసుకోకుండానే నేరుగా గుర్తుల్లోకి దిగుతున్నావు. చిక్కంతా అక్కడే ఉంది.

కొన్నాళ్లు సూత్రాల పుస్తకం పక్కన పెట్టు. ఒక చిన్న పాలసీని మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా చేత్తో నడిపించు. కంప్యూటర్ కూడా వద్దు, మామూలు క్యాలిక్యులేటర్ చాలు.

రాజోలు పక్కన ఒక పెద్ద ఊళ్లో ఒకే వయసువాళ్లు 1,000 మంది తలా లక్ష రూపాయలకు మూడేళ్ల టర్మ్ పాలసీ, అంటే ఆ మూడేళ్లలో పోతేనే డబ్బు వచ్చే పాలసీ, తీసుకున్నారనుకో. మొదటి ఏడు 10 మంది, రెండో ఏడు 12 మంది, మూడో ఏడు 15 మంది పోతారనుకుందాం. ఇవి అభ్యాసం కోసం పెంచి రాసిన సంఖ్యలు. అసలు పనిలో మన దేశంలో 2012-14 నాటి భారత బీమాదారుల మరణాల పట్టిక వాడతారు, అందులో నడివయసు లోపు రేట్లు ఇంతకంటే చాలా తక్కువ. వడ్డీ 6 శాతం. ప్రీమియం ఏడాది మొదట్లో, క్లెయిము ఏడాది చివర. ఈ చివరి వాక్యాన్ని ప్రతి లెక్కకూ పైన రాసుకో. నీ కాగితాల్లో రెండు చోట్ల ప్రీమియాన్ని కూడా ఏడాది చివరికి నెట్టేశావు.

ఇప్పుడు సంస్థ చెల్లించాల్సినవి చూడు. 10 లక్షలు, 12 లక్షలు, 15 లక్షలు. వాటిని 1.06తో ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు భాగిస్తే నేటి విలువ, అంటే వాటి కోసం ఇవాళే వడ్డీకి వేయాల్సిన సొమ్ము, మొత్తం 32,70,821 రూపాయలు వస్తుంది. సంస్థకు వచ్చేవి చూడు. మొదట 1,000 మంది కడతారు, రెండో ఏడు 990 మంది, మూడో ఏడు 978 మందే కడతారు, ఎందుకంటే పోయినవారు ప్రీమియం కట్టరు. తలా ఒక్క రూపాయి కడితే ఆ రూపాయల నేటి విలువ 2,804.38. మొదటిదాన్ని రెండోదానితో భాగించు. 1,166.33 వస్తుంది. అదే నికర వార్షిక ప్రీమియం. రాబడి నేటి విలువ, చెల్లింపుల నేటి విలువ సమానం కావాలన్న సమతా సూత్రమంటే ఇంతే. ఎంత పెద్ద పాలసీకైనా ఇదే, వరుసలు పెరుగుతాయి అంతే.

ప్రీమియం దగ్గర ఆగిపోకు. అసలు లెక్క ఆ తర్వాతే మొదలవుతుంది.

ఒక్కో ఏడాదికి విడివిడిగా ప్రీమియం వేసి చూడు. మొదటి ఏడు 943.40, రెండో ఏడు 1,143.51, మూడో ఏడు 1,446.93 అవుతాయి. వయసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది కాబట్టి ఖర్చూ పెరుగుతుంది. అలా ఏటేటా పెంచుకుంటూ పోతే వయసు మళ్లినవాడు బీమా కొనసాగించలేడు. అందుకే అన్నేళ్లూ ఒకే ప్రీమియం అన్న ఏర్పాటు వచ్చింది. 1762లో లండన్‌లో మొదలైన ఈక్విటబుల్ సంస్థ దీన్ని మరణాల లెక్క మీద నిలబెట్టింది. దానికి దారి వేసింది 1693లో ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హేలీ బ్రెస్లావ్ నగరపు మరణాలతో కట్టిన పట్టిక. చరిత్ర నీకు పరీక్షలో అక్కరలేదు, కానీ అందరికీ అందుబాటులో ఉండాలన్న తపనలోంచి ఈ లెక్క పుట్టిందని తెలిసి ఉండాలి.

మొదటి ఏడు అవసరమైన దానికంటే 223 రూపాయలు ఎక్కువ తీసుకున్నాం కదా, అది ఎవరిది? సంస్థ లాభం కాదు. మన ఊళ్లలో వేసవిలో కాలువలు కట్టేసే ముందే మంచినీళ్ల చెరువు నింపుకుంటామే, అలా రాబోయే ఏళ్ల కోసం పట్టి ఉంచిన సొమ్ము అది. దాని పేరే పాలసీ విలువ, రిజర్వు అని కూడా అంటారు. ఈ మాట నీ మనసులో గట్టిగా నాటుకోవాలి. ఆ సొమ్మును లాభమనుకుని పంచేసుకున్న సంస్థ మూడో ఏడు చెల్లించలేక చేతులెత్తేస్తుంది.

ఇప్పుడు నడిపించు. 1,000 మంది కట్టిన 11,66,330కి ఏడాది వడ్డీ కలిపితే 12,36,310. అందులోంచి 10 లక్షలు క్లెయిములు పోగా 2,36,310 మిగులుతుంది. బతికి ఉన్న 990 మందికి పంచితే తలకు 238.70. రెండో ఏడు ఆ మిగులుకు 990 ప్రీమియాలు కలుపు, వడ్డీ కట్టు, 12 లక్షలు తీసేయి. 2,74,435 ఉంటుంది, తలకు 280.61. మూడో ఏడు 978 ప్రీమియాలు కలిపి వడ్డీ కడితే 15,00,012 అవుతుంది. 15 లక్షలు చెల్లిస్తే చేతిలో 12 రూపాయలు. ఆ 12 కూడా ప్రీమియాన్ని పైసలకు సవరించడం వల్ల మిగిలినవే. వెయ్యి మంది, మూడేళ్లు, 37 లక్షల చెల్లింపులు, చివరికి 12 రూపాయలు! ఇది నీ చేత్తో వచ్చిన రోజున ఈ శాస్త్రం మీద నీకు కలిగే నమ్మకం ఏ పుస్తకమూ ఇవ్వదు.

ఇదంతా వెనక్కి చూసే లెక్క. ముందుకు చూసి కూడా వేయి. మొదటి ఏడు చివర నిలబడి, ఇక ముందు ఇవ్వాల్సిన క్లెయిముల నేటి విలువలోంచి ఇక ముందు రావాల్సిన ప్రీమియాల నేటి విలువ తీసేయి. 990తో భాగిస్తే 238.69 వస్తుంది. ఒక పైసా తేడా, అదీ సవరణ వల్లే. అంచనాలు ప్రీమియానికీ, విలువకూ ఒకటే అయినంత కాలం ఈ రెండు దారులూ కలిసి తీరాలి. కలవకపోతే నీ లెక్కలో ఎక్కడో ఏడాది జారింది. ఒక ఏడాది విలువ నుంచి మరుసటి ఏడాది విలువకు ఇలా అడుగు వేయడాన్నే, ప్రతి క్షణానికీ వర్తించేలా 1875లో డెన్మార్క్ గణితజ్ఞుడు థీలే అవకలన సమీకరణంగా రాశాడు. నువ్వు భయపడుతున్న ఆ సమీకరణంలో ఉన్నది ప్రీమియం కలపడం, వడ్డీ కట్టడం, క్లెయిము తీసేయడం. అంతకు మించి ఏమీ లేదు.

ఎండోమెంట్ సంగతి. మూడేళ్లూ బతికినవారికి కూడా లక్ష ఇవ్వాలంటే ప్రీమియం 1,166 నుంచి 29,998కి పోతుంది. అంటే అందులో బీమా కొంచెమే, పొదుపే ఎక్కువ. వడ్డీ 6 బదులు 5 శాతం పెట్టి చూడు. టర్మ్ ప్రీమియం 13 రూపాయలు కూడా పెరగదు, ఎండోమెంట్‌కు 570 పైచిలుకు పెరుగుతుంది. ఏ పాలసీలో ఏ అంచనా మీద కత్తి వేలాడుతోందో ఇలా మార్చి చూస్తేనే తెలుస్తుంది.

ఖర్చులు, కమీషన్లు కలిపి స్థూల ప్రీమియం కట్టడం కష్టం కాదు, చెల్లింపుల వైపు వాటిని కూడా చేర్చడమే. మొదటి ఏడు ఖర్చు మిగతా ఏళ్ల కంటే బాగా ఎక్కువ అన్నది మాత్రం మరవకు. నెలవారీ ప్రీమియం దగ్గర అందరూ తడబడతారు. వార్షిక ప్రీమియాన్ని 12తో భాగిస్తే చాలదు, ఎందుకంటే ఏడాది మధ్యలో పోయినవారు మిగతా నెలలు కట్టరు, పైగా డబ్బు ఆలస్యంగా రావడంతో వడ్డీ తగ్గుతుంది. జీవితాంతం కట్టే పాలసీకైతే, ఏటా ఒక్క రూపాయి చొప్పున కట్టే ప్రీమియాల నేటి విలువలోంచి సుమారు 11/24 తగ్గించాలి. పరిమిత కాలానికైతే ఆ తగ్గింపు ఇంకాస్త చిన్నది. అది ఎందుకు చిన్నదో నువ్వే రాబట్టు.

మొదట రాజోలు పక్కన ఒకే ఊరు అన్నాను గుర్తుందా? కావాలనే అన్నాను. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ మీద విరుచుకుపడిన రాత్రి ఊళ్లకు ఊళ్లు ఒకేసారి దెబ్బతిన్నాయి. పట్టిక ఒక్కొక్కరి ప్రాణాన్ని విడిగా లెక్కిస్తుంది. అందరూ ఒకే గట్టు కింద ఉంటే సగటు మారకపోవచ్చు, కానీ ఒక్క ఏడాదిలోనే ఆ భారమంతా మీద పడవచ్చు. సమతా సూత్రానికి ఆ సంగతి కనిపించదు. అందుకే పునర్బీమా, అంటే సంస్థ తన ప్రమాదంలో కొంత మరో సంస్థకు అప్పగించడం. అందుకే పాలసీదారులకు చెల్లించాల్సినదానికి మించి అదనపు మూలధనం. మన దేశంలో సాల్వెన్సీ నిష్పత్తి, అంటే ఉండాల్సిన అదనపు సొమ్ముతో పోల్చితే సంస్థ దగ్గర నిజంగా ఉన్నది, కనీసం 150 శాతం ఉండాలన్నారు. ప్రీమియం సరిగ్గా కట్టగానే పని అయిపోయిందనుకోవద్దు.

ఇంకొక మాట, ఇది పరీక్ష కోసం కాదు. రొయ్యల చెరువు దెబ్బతిన్న రైతు పాలసీ కాగితం పట్టుకుని వచ్చి, ఇప్పుడు ఆపేస్తే ఎంత వస్తుంది అని నిన్ను అడుగుతాడు. పాలసీ విలువ వేరు, సరెండర్ విలువ వేరు. సరెండర్ విలువ నిబంధనల ప్రకారం సంస్థ ఇచ్చే మొత్తం, చాలాసార్లు పాలసీ విలువ కంటే తక్కువే. పెయిడప్ చేస్తే, అంటే ఇక ప్రీమియం కట్టకుండా తగ్గిన మొత్తానికి పాలసీని ఉంచుకుంటే, ఎంతో ముందు లెక్క వేసి చెప్పు. 5 లక్షల ఎండోమెంట్‌కు 20 ప్రీమియాల్లో 8 కట్టి ఉంటే మామూలుగా బీమా మొత్తం 2 లక్షలకు తగ్గి కొనసాగుతుంది, అప్పటికి చేరిన బోనస్ అదనం. టర్మ్ పాలసీ అయితే సాధారణంగా ఏమీ రాదని మొహమాటపడకుండా చెప్పాలి. అతను సంతకం పెట్టకముందే చెప్పాలి.

ఇక నువ్వు చేయాల్సింది. టర్మ్ లెక్క నడిపించాక ఇదే పట్టికతో ఎండోమెంట్‌ను కూడా నడిపించు. మూడో ఏడు చివర 15 మంది క్లెయిములు చెల్లించాక, మిగిలిన 963 మందికి తలా లక్ష సరిపోవాలి. ఆ కాగితం నాకు పంపు. కుదరకపోతే దిద్దకుండా అలాగే పంపు, ఏ వరుసలో జారిందో చూసి రాస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న