మొదటి ఈడీఎం (ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్) ట్రాక్ మీద పనికొచ్చే ఫీడ్‌బ్యాక్ ఎలా రాబట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: సంగీతం చేసే సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎల్ స్టూడియోలో 128 బీపీఎం (నిమిషానికి 128 బీట్లు) మీద, డప్పు లూప్ వేసి, 3 నిమిషాల 45 సెకన్ల హౌస్ ట్రాక్ చేశారు. వాట్సాప్‌లో పంపితే ఎక్కువమంది "సూపర్ బ్రో" అన్నారు. ఒకరు "మడ్డీగా ఉంది" (శబ్దాలు విడివిడిగా తెలియక మసకగా ఉంది) అన్నారు, ఇంకొకరు "డ్రాప్ (బిల్డప్ తర్వాత కిక్, బేస్ ఒక్కసారిగా వచ్చిపడే చోటు) తుస్సుమంది" అన్నారు, మరొకరు "ఇంట్రో సాగదీశావ్" అన్నారు. ఎవరి మాట పట్టుకోవాలి?

అందరి మాటా వినండి. కానీ వాళ్లు చెప్పే మందు మాత్రం వాడకండి. ఎక్కడ విసుగొచ్చిందో, ఎక్కడ చెవికి ఇబ్బందైందో వినేవాళ్లకు కచ్చితంగా తెలుస్తుంది. కారణం చెప్పడంలోనే ఎక్కువమంది పొరబడతారు. "బేస్ పెంచు" అన్నచోట చాలాసార్లు బేస్ తగ్గించాల్సి వస్తుంది. కాబట్టి మీరు అడగాల్సింది టైమ్: "ఏ నిమిషం, ఏ సెకను దగ్గర మీ ధ్యాస పక్కకు పోయింది?" ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు, "ఎలా ఉంది?" అని అడిగితే వచ్చే ఇరవై జవాబుల కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. సౌండ్‌క్లౌడ్‌లో ప్రైవేట్ లింక్ పెడితే వేవ్‌ఫామ్ మీద ఆ సెకను దగ్గరే కామెంట్ పెట్టొచ్చు, అందుకని అది సుఖం. వాట్సాప్‌లోనే పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. స్టేటస్‌గానో వీడియోగానో పెడితే సౌండ్ నలిగిపోతుంది. అప్పుడు వచ్చే విమర్శ మీ మిక్స్‌దో కంప్రెషన్‌దో తేలదు.

రెండు ఫైళ్లు తయారు చేసుకోండి. మామూలు శ్రోతలకు లిమిటర్ (సౌండ్ ఒక హద్దు దాటకుండా నొక్కే ఎఫెక్ట్) పెట్టి, తగినంత లౌడ్‌గా చేసిన 320 కేబీపీఎస్ ఎంపీ3. వాళ్లు దాన్ని ఇతర పాటల పక్కన వింటారు, సౌండ్ తక్కువగా ఉంటే బాగా లేదనే అనుకుంటారు. మిక్సింగ్ తెలిసినవాళ్లకు మాస్టర్ (అన్ని ట్రాక్‌లూ కలిసే చివరి ఛానల్) మీద లిమిటర్ తీసేసి, పీక్ -6 డీబీ దగ్గర ఉండేలా చూసిన 24 బిట్ వేవ్. ఎఫ్‌ఎల్‌లో కొన్ని టెంప్లేట్లు తెరిస్తే మాస్టర్ మీద ఫ్రూటీ లిమిటర్ ముందే కూర్చుని ఉంటుంది, గమనించండి. ఎక్స్‌పోర్ట్‌లో టెయిల్ దగ్గర "లీవ్ రిమెయిండర్" (Leave remainder) ఎంచుకోకపోతే చివరి రివర్బ్ (ప్రతిధ్వని) కత్తిరించినట్టు ఆగిపోతుంది.

పంపే ముందు మీరే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. మీకు నచ్చిన, అదే టెంపోకి దగ్గరగా ఉన్న విడుదలైన ట్రాక్‌ను ప్రాజెక్టులోకి లాగండి, మాస్టర్ ఎఫెక్టులు దాని మీద పడకుండా చూసుకోండి. క్లబ్ కోసం మాస్టర్ చేసిన ట్రాక్ డ్రాప్‌లో -8 లఫ్స్ (LUFS, లౌడ్‌నెస్ కొలత) దగ్గర ఉండటం మామూలే, మీది -14 ఉండొచ్చు. అంటే ఆ విడుదలైన ట్రాక్‌ను 6 డీబీ తగ్గించాకే పోల్చాలి. చెవికి ఎక్కువ సౌండ్ ఉన్నదే మంచిదనిపిస్తుంది, ఎంత అనుభవం ఉన్నా ఆ మోసం తప్పదు. కొలవడానికి యూలీన్ లౌడ్‌నెస్ మీటర్, స్పెక్ట్రమ్ చూడటానికి వాక్సెంగో స్పాన్ ఉచితంగా దొరుకుతాయి. డ్రాప్‌ను డ్రాప్‌తోనే, బ్రేక్‌డౌన్‌ను (డ్రమ్స్ తగ్గి నెమ్మదించే భాగాన్ని) బ్రేక్‌డౌన్‌తోనే పోల్చండి.

ఇప్పుడు మీకొచ్చిన మాటలు ఒక్కొక్కటీ.

"డ్రాప్ తుస్సుమంది." కొత్తవాళ్లకు ఎక్కువగా వచ్చే మాట ఇదే. వెంటనే డ్రాప్‌లో ఇంకో సింథ్, ఇంకో కిక్ లేయర్ వేస్తారు, దాంతో ఇంకా బలహీనమవుతుంది. తప్పు సాధారణంగా డ్రాప్‌కి ముందున్న 8 బార్లలో (బార్ అంటే నాలుగు బీట్లు) ఉంటుంది. బిల్డప్‌లో (డ్రాప్ వైపు ఊపు పెంచే భాగంలో) కిక్, సబ్ (అన్నిటికంటే కింది బేస్), వెడల్పాటి కార్డ్స్, రైజర్ (పైకి ఎగబాకే శబ్దం) అన్నీ నిండుగా ఉంటే డ్రాప్‌కి కొత్తగా ఇవ్వడానికి ఏమీ మిగలదు. మీటర్‌లో షార్ట్-టర్మ్ రీడింగ్ (కొన్ని సెకన్ల లౌడ్‌నెస్) చూడండి. బిల్డప్ చివర, డ్రాప్ మొదట మధ్య కనీసం 3 యూనిట్ల తేడా లేకపోతే కారణం దొరికినట్టే. బిల్డప్ చివరి 4 బార్లలో 150 హెర్ట్జ్ కింద ఉన్నదంతా హైపాస్‌తో (కింది శబ్దాలను కోసే ఫిల్టర్‌తో) తీసేయండి, కార్డ్స్‌ను మోనో వైపు కుదించండి, డ్రాప్‌కి ముందు అర బార్ డ్రమ్స్ ఆపేయండి. రివర్బ్ తోక ఆ ఖాళీని పూడ్చేయకుండా ఆటోమేషన్‌తో (నాబ్ తనంతట తానే కదిలేలా గీసి) కోయండి. ఆ తర్వాతే డ్రాప్ శబ్దాల జోలికి వెళ్లండి. లిమిటర్ బ్రేక్‌డౌన్‌లోనే 4, 5 డీబీ నొక్కుతుంటే డ్రాప్ లౌడ్ అవడానికి చోటుండదు, అదీ చూడండి.

"మడ్డీగా ఉంది." రెండు చోట్ల వెతకాలి. మొదటిది 200 నుంచి 400 హెర్ట్జ్ దాకా. కార్డ్స్, ప్యాడ్, గొంతు, డప్పు, వీటన్నిటి రివర్బ్ అక్కడే గుమిగూడుతుంది. రివర్బ్‌ను సెండ్ ట్రాక్ (చాలా వాయిద్యాలు పంచుకునే వేరే ఛానల్) మీద పెట్టి, 300 దగ్గర హైపాస్ వేస్తే సగం తేటపడుతుంది. ప్యాడ్‌కి 150–200 దగ్గర కోత చాలు. ప్రతి ట్రాక్‌నూ సోలోలో విని కోసుకుంటూ పోతే మాత్రం మిక్స్ పలచబడిపోతుంది, మిగతావి మోగుతుండగానే కోయండి.

రెండోది కిక్, బేస్ గొడవ. హౌస్ కిక్ అడుగు ఎక్కువగా 50–60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మీ బేస్ కింది ఎఫ్ నోట్ మీద ఉంటే అది దాదాపు 44 హెర్ట్జ్. రెండూ ఒకేసారి మోగితే ఏదీ స్పష్టంగా వినిపించదు. సైడ్‌చైన్ (కిక్ పడినప్పుడల్లా బేస్‌ను తగ్గించే ఏర్పాటు) పెట్టండి, రిలీజ్ (బేస్ తిరిగి లేచే సమయం) మీద మనసు పెట్టండి. 128 బీపీఎంలో ఒక బీట్ 469 మిల్లీసెకన్లు, ఆఫ్‌బీట్ 234 దగ్గర వస్తుంది. బేస్ ఆలోపే పూర్తిగా తిరిగి రావాలి కాబట్టి రిలీజ్ 100–150 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి వింటూ సర్దండి. మరీ ఎక్కువైతే బేస్ ఎప్పటికీ లేవదు, మరీ తక్కువైతే టిక్కుమనే శబ్దం వస్తుంది. 120 హెర్ట్జ్ కింద అంతా మోనోలో ఉంచండి. మాస్టర్ మీద స్టీరియో సెపరేషన్ నాబ్‌ను పూర్తి మెర్జ్‌డ్‌కి తిప్పి వినండి. ఎబుల్‌టన్ (ఇంకో సంగీత సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు యుటిలిటీ ఎఫెక్ట్‌లో మోనో బటన్ ఉంటుంది. ఏదైనా వాయిద్యం మాయమైతే అందులో ఫేజ్ సమస్య (ఎడమ, కుడి శబ్దాలు ఒకదాన్నొకటి చెరిపేసుకోవడం) ఉన్నట్టు.

"బేస్ లేదు" అని ఎవరైనా అంటే, దేంట్లో విన్నారని ముందు అడగండి. ఫోన్ స్పీకర్ 44 హెర్ట్జ్‌ను పలికించలేదు. బేస్‌కి కొంచెం శాచురేషన్ (స్వల్పంగా గరుకు చేసే ఎఫెక్ట్) వేస్తే 88, 132, 176, ఇంకా పైన హార్మోనిక్స్ (ఆ నోటుకు రెట్టింపు, మూడింతలు లాంటి పై శబ్దాలు) పుట్టి, చిన్న స్పీకర్‌లో కూడా ఆ నోటు చెవికి తెలుస్తుంది.

"ఇంట్రో సాగదీశావ్" అన్నది ఎవరు? 128లో 16 బార్లు సరిగ్గా 30 సెకన్లు, 32 బార్లు నిమిషం. డీజేకి మిక్స్ చేసుకోవడానికి ఆ డ్రమ్స్ మాత్రమే ఉన్న 16–32 బార్లు కావాలి. ఇయర్‌ఫోన్స్‌లో వినేవాళ్లకు అదే శిక్ష. ఇద్దరిదీ న్యాయమే. ఎక్స్‌టెండెడ్ ఒకటి, 8 బార్లకే విషయంలోకి వెళ్లే చిన్న వెర్షన్ ఒకటి చేయండి, ఎవరికి ఏది పంపాలో అది పంపండి.

డప్పు గురించి ఎవరూ చెప్పలేదంటున్నారు గానీ అడిగి తెలుసుకోండి. మనిషి వాయించిన లూప్ గ్రిడ్‌కి అతకదు. కిక్, డప్పు దెబ్బ 20 మిల్లీసెకన్ల ఎడంతో పడితే రెండు దెబ్బల్లా వినిపించి ఊపు చెదురుతుంది, వినేవాళ్లు "ఏదో తడబడుతోంది" అంటారు. ఎఫ్‌ఎల్‌లోని స్లైసెక్స్ ప్లగిన్‌లో ముక్కలు చేసి, ప్రతి బార్ మొదటి దెబ్బను మాత్రమే కిక్ మీదికి జరపండి. అన్నీ క్వాంటైజ్ చేస్తే (గ్రిడ్ మీదికి జరిపేస్తే) డప్పులో ఉన్న జీవం పోతుంది.

సినిమా పాట గొంతు వాడి ఉంటే, అది తీసేసిన వెర్షన్ కూడా పంపండి. గొంతు ఉన్నప్పుడు వచ్చే మెప్పులో ఎంత ఆ పాటదో, ఎంత మీదో తెలియదు. పైగా హక్కులు లేని గొంతుతో ట్రాక్ విడుదల చేయలేరు.

ఇక ఎవరిని అడగాలి? ముగ్గురు నలుగురు చాలు: ఈ సంగీతం రోజూ వినే ఒకరు, సొంతంగా ట్రాక్‌లు చేసే ఒకరు, వీలైతే పెళ్లిళ్లకు వాయించే డీజే ఒకరు. ఆ డీజే దగ్గర అభిప్రాయం కంటే విలువైనది పెద్ద బాక్సులు. మధ్యాహ్నం సౌండ్ చెక్ జరిగేటప్పుడు మీ డ్రాప్ ఒక్క నిమిషం వేయమని బతిమాలండి, వెనకాల నిలబడి సబ్ ఎలా వస్తోందో వినండి. ఇద్దరు ఒకే సెకను చూపిస్తే అక్కడ పని చేయండి. ఒక్కరే చూపిస్తే రాసిపెట్టుకుని, రెండ్రోజులు చెవికి విశ్రాంతి ఇచ్చి మీరే విని తేల్చుకోండి. సరిచేసిన వెర్షన్ మాత్రం మొదటిది వినని మనిషికి పంపండి. పాతవాళ్లు మారిన చోటునే వెతుక్కుంటూ వింటారు.